పొట్టేలు ముఠా

మైదుకూరు చుట్టుపక్కల నన్ను చాలామంది పేరుతో పిలవరు, ‘ముఠా’ అంటారు. జిల్లా టాబ్లాయిడ్ మొదటి పేజీ నిండా నేను రాసిన ఒకే ఒక్క వార్త పుణ్యం అది. ‘చర్చిలో పొట్టేలు అపహరణ: అంతర్జిల్లా ముఠా పనేనా?’ ఆ శీర్షిక వెనక జరిగిన అసలు నేరం ఇవాళ చెప్పేస్తున్నా. నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

పత్రికలో చేరి అప్పటికి రెండు నెలలు. విలేకరి కార్డు ఇంకా ఇవ్వలేదు. “ఒక్క మంచి క్రైమ్ వార్త పంపు, ఇప్పిస్తా” అన్నాడు డెస్కు సార్. మా మండలం జనమేమో నా మీద కక్ష కట్టినట్టు ఒక్క నేరమూ చేయరు! దిక్కులేక ఓ పల్లె చర్చిలో కోతపండుగ వార్తకు పోయాను.

ఆ రోజు పంటలో మొదటి భాగం దేవుడికి తెచ్చి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. గుమ్మడికాయలు, జొన్నకంకులు, కోళ్లు, అన్నిటికీ పెద్దగా రాహేలమ్మ తెచ్చిన పొట్టేలు. కొడుకు జబ్బు నయమైతే ఇస్తానని మొక్కుకుని ఏడాది పెంచిందట. అది గోడ నీడలో ఉండి ఫొటో నల్లగా వస్తోంది. నాలోని కళాకారుడు ఊరుకుంటాడా? ఎండలో ఆగి ఉన్న ట్రాలీ ఆటోలోకి దాన్ని ఎక్కించి, పగ్గం పట్టుకుని ఫొటోలు తీశాను. ఇంతలో చర్చి అయ్యగారు “రాప్పా, తిని పో” అని పిలిచారు. పగ్గం ఆటో కమ్మీకి చుట్టేసి భోజనానికి పరిగెత్తాను.

చెయ్యి కడుక్కుంటుంటే బయట గోల.

“అయ్యగారూ! పొట్టేలు ల్యా! దేవునికిచ్చిన పొట్టేలు!” రాహేలమ్మ గుండెలు బాదుకుంటోంది.

ఆటో కూడా లేదు. మీరైతే ఏం చేసేవారో గానీ, నేను మాత్రం గంతేసినంత పని చేశాను. నేరం! అదీ నా కళ్లముందే!

“ఆ ఆటోవోడే ఎత్తకపోయినాడమ్మా!” అన్నాను. ఎక్కించింది నేనేనన్న ముక్క మాత్రం మింగేశాను.

వెంటనే డెస్కుకు ఫోన్ కొట్టాను.

“దొంగలెంతమంది?”

“ఒక్కడు సార్.”

“ఒక్కడైతే ముఠా ఎట్లవుతుందిరా?”

“మిగతావాళ్లు వెనకాల ఉంటారు సార్!”

“ఫొటో ఉందా?”

“పొట్టేలుది బ్రహ్మాండంగా ఉంది సార్!”

మర్నాడు పేపరు చూసుకుని మురిసిపోతుంటే స్టేషన్ నుంచి పిలుపు. బల్ల మీద ఆటో డ్రైవర్ మాబాషా తల వంచుకుని కూర్చున్నాడు. కిటికీకి కట్టేసిన పొట్టేలు నన్ను గుర్తుపట్టినట్టే చూసింది.

“మీ ఫొటోలో బండి నంబరు కనపడింది, కర్నూలు పక్కన కల్లూరులో పట్టుకొచ్చినాం” అన్నాడు ఎస్సై. నేను కాలర్ సర్దుకున్నాను.

“నేను గుమ్మడికాయలు దింపి పోయినా సార్” అన్నాడు మాబాషా. “ఇంటికాడ బండి ఆపితే ఎనక పొట్టేలు అరుస్తాండాది! ఎవురు ఎక్కిచ్చినారో ఆ ఫొటోలోనే ఉండాది, ఆటో అద్దంలో సూడండి.”

ఎస్సై ఫొటోను పెద్దది చేశాడు. అద్దంలో నేనే! ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పొట్టేలు పగ్గం.

“ఇదెవురప్పా?”

నా కార్డు పిచ్చికి ఓ అమాయకుణ్ణి స్టేషన్‌లో కూర్చోబెట్టానని సిగ్గుతో చచ్చిపోయాను. మాబాషా చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పాను.

“పోనీలేప్పా” అని నవ్వాడు. “ముఠా ముఠా అంటాంటే నేను శానా పెద్దోణ్ణనుకుంటి.”

పొట్టేలును తోలుకుపోతూ రాహేలమ్మ, “ఇది కర్నూలు సూసొచ్చింది, నేనే ఇంకా సూడల్యా” అంది.

ఇక డెస్కు సార్: “నేరం నీది, వార్త నీది, సాక్ష్యమూ నీదే. ఇంత సమగ్రంగా ఇంతవరకూ ఎవడూ రాయలేదురా!” ఆర్నెల్ల తర్వాత కార్డు వచ్చింది. దాని మీద ఫొటో? అద్దంలోదే. పగ్గం మాత్రం కనపడకుండా కత్తిరించారు.

అందుకని ఆ కార్డు మీదే చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నా: ఇక ఈ జన్మలో ఏ పొట్టేలునూ ఆటో ఎక్కించను. తప్పనిసరై ఎక్కించినా, ముందు అద్దం తిప్పేస్తాను.