కెమెరాకు చిక్కని శనీశ్వరుడు

మా అత్త ధర్మవరంలో నలభై ఏళ్లు పట్టుచీరలు నేసింది. నేను అదే ఊళ్లో ఆ చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తాను. మామ పోయినాక ఇంట్లో మిగిలింది ముగ్గురం. మా ఆయన చీరలు తీసుకుని ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి, వారంలో సగం రోజులు ఇంట్లో మేమిద్దరమే.

పోయిన ఏడాది ఎవరో వాడి వదిలేసిన టెలిస్కోపు ఒకటి కొన్నాను. కొన్నాళ్లు చందమామను చూసి మురిసిపోయి, తర్వాత దానికి తగిలించే చిన్న కెమెరా కూడా తెప్పించుకున్నాను. కన్ను పెట్టి చూసే అద్దం తీసేసి ఆ చోట కెమెరా దూర్చాలి. దాని తీగ లాప్‌టాప్‌కు పెడితే బొమ్మ స్క్రీను మీద వస్తుంది. చెప్పడానికి ఇంతే.

"దీంట్లో ఏం చూస్తావు?" అని అడిగింది అత్త.

"శనిగ్రహం. చుట్టూ ఉంగరం ఉంటాదంట."

అత్త మొహం మారింది. మామకు ఏలినాటి శని నడిచిన ఏళ్లలోనే ఇంట్లో రెండు మగ్గాలు ఆగిపోయాయని ఆమె నమ్మకం.

"కోరి కోరి ఆయప్పను ఎవురన్నా ఇంటికి పిలుచుకుంటారా? చందమామను తీసుకోని ఊరుకో" అంది.

నేను ఊరుకోలేదు. వానలు ముగిసి ఆకాశం తేటపడిన ఒక సాయంత్రం ఏడు గంటలకు మిద్దె ఎక్కాను. తూర్పున శని నిలకడగా వెలుగుతున్నాడు. ప్లగ్గు మెట్ల గదిలో ఉందని లాప్‌టాప్ అక్కడే పెట్టి, కెమెరా తీగ చాలకపోతే ఇంకో పొడుగు తీగ కలిపి లాగాను. సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒకటే మాట: కెమెరా దొరకలేదు.

తీగ పీకి మళ్లీ పెట్టాను. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. అర్థమైనవీ కానివీ సెట్టింగులన్నీ మార్చాను. ఉన్నట్టుండి కెమెరా దొరికింది. స్క్రీను నల్లగా వచ్చింది, రెండు క్షణాల్లో అదీ బిగుసుకుపోయింది. ఏం చేస్తే దొరికిందో, ఏం చేస్తే పోయిందో తెలియలేదు. మెట్ల మీదే కూలబడ్డాను.

ఆరేసిన బట్టలు తీయడానికి అత్త పైకొచ్చింది.

"ఏడుస్తాండావా?"

"లేదత్తా."

"ఏడుస్తాండావులే. కిందికి రా, తిందాం. పొద్దున్నే చూస్తాం దాని సంగతి."

"పొద్దున శని యాడ కనపడ్తాడత్తా?"

"నీ కెమెరా చెడిందో ల్యాదో తెలుసుకునేదానికి ఆయప్ప ఏమిటికి?"

ఆ మాట నాకు అంతవరకూ తట్టనే లేదు.

పొద్దున కాఫీ తాగి, అత్త నా సామానంతా మిద్దె మీద చాప పరిచి పెట్టించింది. "నిన్న ఏమేమి మార్చినావు?"

"అన్నీ మార్చినా."

"అన్నీ మారిస్తే తప్పు యాడుండాదో ఎట్ల తెలుస్తాది? పోగు తెగిందని నేను పడుగంతా పీకి పారేసినానా ఎప్పుడన్నా? ఒకటి మార్చు. చూడు. మిగిలినవి ముట్టొద్దు."

మొదట కలిపిన పొడుగు తీగ తీసేసి, కెమెరాతో వచ్చిన పొట్టి తీగే నేరుగా లాప్‌టాప్‌కు పెట్టాను. కెమెరా వెంటనే దొరికింది. కాసేపు చూశాం, ఆగలేదు. పొడుగు తీగ మళ్లీ కలిపితే బిగుసుకుపోయింది. తీసేస్తే బాగయింది. అట్లా మూడుసార్లు చేయించేదాకా అత్త ఒప్పుకోలేదు.

"మా పుట్టింట్లో బోరు మోటరూ ఇంతే. తీగ దూరం లాగినామంటే మూల్గేది" అంది.

లాప్‌టాప్‌ను టెలిస్కోపు పక్కనే స్టూలు మీద పెట్టి బ్యాటరీ మీద నడపాలని తేలింది. ఇక నల్లటి స్క్రీను సంగతి. ఎండ వీపుకు పెట్టి టెలిస్కోపును పడమటి గుట్ట మీది గాలిమరకు తిప్పాను. ఈసారి స్క్రీనంతా తెల్లగా వచ్చింది. వెలుతురు లోపలికి పోతోంది, మరీ ఎక్కువ పోతోంది. ఎక్స్‌పోజరు తగ్గించుకుంటూ వస్తే బూడిద రంగు మిగిలింది. ఫోకస్ మర చాలా దూరం తిప్పాక గాలిమర రెక్క తేలింది. కంటి అద్దానికి సరిపోయిన ఫోకస్ కెమెరాకు సరిపోదని అప్పుడు తెలిసింది. అత్త పెన్సిల్‌తో మర దగ్గర ఆ చోట గీత గీసింది.

ఇంకో తప్పు కూడా బయటపడింది. టెలిస్కోపు మీద గురి చూసుకునేదానికి ఉండే చిన్న గొట్టంలో గాలిమర ఒక పక్కకు ఉంటే, కెమెరాలో ఇంకో పక్కకు ఉంది. కెమెరా చూసేది ఆకాశంలో గోరంత ముక్క. గురి ఆ కాస్త తప్పితే గ్రహం అందులో పడనే పడదు. రెండింటినీ గాలిమర రెక్కలు కలిసే చోట కలిపి మరలు బిగించాను.

ఆ సాయంత్రం అత్త పిలవకుండానే పైకొచ్చి గోడ పక్కన కూర్చుంది. స్క్రీను మళ్లీ నల్లగానే ఉంది. భయపడుతూ, మసక వెలుగును కూడా పెంచి చూపే గెయిన్‌ను పూర్తిగా పెంచాను. ఒక మూల నుంచి మసక చక్రం ఒకటి, నడుమ చిల్లుపడిన వడలాగా, మెల్లగా లోపలికి జరిగింది.

"అదేమి?"

"ఆయనే అయ్యుంటాడు. ఫోకస్ కావాల."

పెన్సిల్ గీత దగ్గర్నుంచి మర ఇంత తిప్పితే చక్రం చిన్నదైంది. ఇంకొంచెం తిప్పాను. చక్రం ముద్దకట్టి, గింజంత అయి, ఆ గింజకు రెండు పక్కలా చెవుల్లాంటివి మొలిచాయి. ఒక్కసారి అంతా నిలిచింది. ఉంగరం. గాలికి వణుకుతోంది, కానీ ఉంగరమే.

అత్త లేచి స్క్రీను దగ్గరికొచ్చింది. ఏమంటుందోనని నేను ఆమె వైపు చూడలేదు.

"ఈయప్పేనా?"

"ఈయప్పే అత్తా."

"పాపం, ఒక్కడే ఉండాడు" అంది.

రికార్డు చేద్దామంటే శని స్క్రీనులోంచి జారిపోతున్నాడు. భూమి తిరుగుతుంది కదా, టెలిస్కోపును పక్కకు జరిపే మరను చేత్తో తిప్పుతూ వెంబడించాలి. నేను ముట్టుకుంటే బొమ్మ అదిరి ఎగిరిపోతోంది. రెండుసార్లు చూసి అత్త నా చెయ్యి తీసేసి తన వేళ్లు పెట్టింది. బొమ్మ అదరలేదు. వెంట్రుకంత పోగులు ముడేసిన వేళ్లవి. అట్లా రెండు నిమిషాలు శనీశ్వరుణ్ణి స్క్రీను నడుమ నిలబెట్టింది. అప్పటినుంచి ఆ మర ఆమెదే. నన్ను ముట్టనివ్వదు.

ఆ వీడియోలోని ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి తయారుచేసిన ఫొటోను, ఇట్లాంటి పిచ్చి ఉన్నవాళ్ల ఫోన్ గ్రూపులో పెట్టాను. ఫోకస్ సరిగ్గా కుదరలేదని, రంగు తప్పిందని చెప్పారు. నిజమే. వారం తర్వాత తీసింది చాలా బాగా వచ్చింది, ఉంగరంలో నల్లటి సందు కూడా తెలిసింది. గర్వంగా అత్తకు చూపించాను. ఆమె అద్దాలు పెట్టుకుని, ఫోను దగ్గరికీ దూరానికీ జరిపి చూసింది.

"బాగుండాడు" అంది. "కానీ ఆ పొద్దు వణుకుతా ఉన్న్యాడు చూడు, నాకు అదే ఇష్టం."