ఆయన బల్ల మీద తప్పు మాట

పొద్దున్నే మావారి కళ్లద్దాలు తుడవడం నా పనిగా ఉండేది. కార్బన్ కాగితాలు పట్టిన వేళ్లతో రోజంతా వాటిని సర్దుకునేవారేమో, సాయంత్రానికి అద్దాల అంచులు నల్లబడేవి. సబ్బునీళ్లతో కడిగి, పాత చీర ముక్కతో తుడిచి ఇస్తే, పెట్టుకుని మొదట నన్నే చూసి, "ఆ, ఇప్పుడు స్పష్టంగా ఉన్నావు" అనేవారు. మూడు నెలలుగా ఆ పని లేదు. పొయ్యి వెలిగించాక నా చేతులకి ఏం చేయాలో తోచదు.

ఆయన టైపిస్టు. ఒక పెద్ద ఆఫీసు వరండాలో, మెట్ల పక్కన, ఒక బల్ల, ఒక మిషను, వచ్చినవాళ్లకి ఒక స్టూలు. పక్క బల్లలవాళ్లు గంటకి ఆరు అర్జీలు కొడితే ఈయన రెండు కొట్టేవారు. అందుకే నిదానంగారు అని పేరు పెట్టారు. అయినా, ఏదైనా వదులుకునే కాగితం కావాలంటే జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఉద్యోగం కానీ, వాటా కానీ, లైసెన్సు కానీ, ముందు కథంతా తెలుగులో చెప్పించుకునేవారు. విన్నాకే మిషను మీద చెయ్యి వేసేవారు.

ఒకసారి ఒక దర్జీ, తండ్రి ఇంట్లో తన వాటా చెల్లెలికి రాసిస్తానని వచ్చాడట.

"వదిలేస్తున్నానని కొట్టండి గురువుగారూ, తొందరగా. కొట్టు తెరవాలి."

"వదిలేయడం వేరు, వదులుకోవడం వేరు నాయనా. ఆ ఇల్లంటే ఇష్టం లేదా నీకు?"

"ఇష్టం లేకపోవడమేంటండీ, పుట్టిందే అక్కడ!"

"అయితే రెలింక్విష్, ఇష్టమున్నా వదులుకోవడం" అని ఒక్కో అక్షరమే కొట్టారట. దర్జీ కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడట. ఆ రోజు కొట్టు ఆలస్యంగానే తెరిచి ఉంటాడు.

నేను చదివింది ఐదో తరగతి. అయినా ఈ మాటలు నాకు వచ్చు. వంటింటి గడప మీద కూర్చుని ఆయన చెప్పినవే. "నువ్వు కాఫీలో పంచదార మానేశావు చూడు, అది గివప్. ఉద్యోగానికి మర్యాదగా దణ్ణం పెట్టి బయటికొస్తే రిజైన్. నాకు రావలసిందే, అయినా పోనీలే అంటే వేవ్. ఇచ్చినవాళ్ల చేతికే తిరిగి అప్పగిస్తే సరెండర్."

"మరి పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి పోతే?" అన్నాను.

"అది అబాండన్. నాకంటే నీకే బాగా తెలుసు" అని నవ్వారు.

ఇన్ని మాటలు తెలిసిన మనిషి సిగరెట్టు మాత్రం మానలేదు. అడిగితే, "దానికింకా సరైన మాట దొరకలేదే" అనేవారు.

ఆసుపత్రిలో మూడు వారాలున్నారు. ఇంటికి తిరిగి రాలేదు. పోయిన నెల పక్క బల్ల టైపిస్టు, ఆయన స్నేహితుడే, ఒక కాగితం పట్టుకొచ్చాడు. బల్ల వేసుకున్న చోటు ఆఫీసువాళ్లది. ఖాళీగా ఉంది కనుక వేరేవాళ్లకి ఇస్తారట. నేను సంతకం పెట్టాలట.

"ఇందులో ఏం రాశారన్నయ్యా?"

"ఏముందమ్మా, మామూలే. అరవై రోజులుగా చోటు అబాండన్ చేశారు కనుక..."

"ఆయన పాలు పొయ్యి మీద పెట్టి పోయారా?" అన్నాను.

పాపం, అన్నయ్యకి ఏమీ అర్థం కాలేదు. వంటింటి వైపు చూశాడు.

చోటు పోతుందని నాకు బాధ లేదు. మిషను కొట్టడం నాకు రాదు. కానీ ముప్ఫై ఏళ్లు జ్వరమొచ్చినా, జోరువానైనా వెళ్లి కూర్చున్న మనిషి పేరు పక్కన ఆ మాట ఉండకూడదు. అది మాత్రం నేను పడనివ్వను.

మర్నాడు కూతురిని తోడు తీసుకుని ఆఫీసుకి వెళ్లాను. సూపరింటెండెంటు తల ఎత్తకుండానే, "అందరికీ ఇదే ఫారం అమ్మా. ఏ మాటైతే ఏం, అర్థం ఒకటేగా" అన్నాడు.

"ఒకటి కాదు బాబూ. మీరిచ్చిన చోటు మీకే అప్పగిస్తున్నాం. సరెండర్ అని రాయండి. ఆసుపత్రిలో మంచం పట్టిన మనిషి అన్నీ గాలికి వదిలేసి పోయినట్టు రాస్తే నేను సంతకం పెట్టను."

అప్పుడు తల ఎత్తాడు. "ఎంతవరకు చదువుకున్నారమ్మా?"

"ఐదు."

నా కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను ఫారం తన వైపు తిప్పుకుని, పేరు చూసి, "నిదానంగారి తాలూకానా?" అన్నాడు. "నా బదిలీ అర్జీ ఆయనే కొట్టారు. గంట కూర్చోబెట్టారు, మా అమ్మ ఆరోగ్యం సంగతి కూడా అడిగారు."

కొట్టివేతలుంటే బాగుండదని కొత్త కాగితమే తయారు చేయించాడు. ఆ మాట మీద వేలు పెట్టి కూతురి చేత రెండుసార్లు చదివించుకుని, సంతకం పెట్టాను. నా పేరు వంకరగానే వచ్చింది.

ఇంటికొచ్చాక కూతురు సంచిలోంచి ఆ కాగితం నకలు తీసి, "నాన్న ఫైల్లో పెట్టేయనా?" అంది. కరెంటు బిల్లుల దగ్గర నుంచి ఆసుపత్రి చీటీల వరకు ఆయనవన్నీ అందులో వరసగా గుచ్చి ఉన్నాయి. ఇది పెడితే ఇక పెట్టాల్సిందేమీ లేదు.

"వద్దు, అలమర మీద ఉండనీ" అన్నాను.

"నలిగిపోతుందమ్మా."

"నలగనీవే."

ఇప్పటికీ వంటింటి అలమర మీదే ఉంది. రోజూ దాన్ని ఎత్తి, కింద దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెడుతున్నాను.