మామ్మ తాగని నీళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నా గట్టి నమ్మకం. నర్సింగు అప్పుడే పూర్తయింది. ప్రత్తిపాడు దాటాక పొలాల మధ్య ఉన్న వృద్ధాశ్రమంలో మొదటి ఉద్యోగం. రెండువేల సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా, రోహిణి కార్తె ఎండలు. ముసలివాళ్ళకు దాహం వేసినా తెలియదు, వెంటపడి తాగించాలని చదువుకున్నాను కాబట్టి చెంబు పుచ్చుకుని అందరి వెంటా పడ్డాను (నన్ను చూడగానే కొందరు తాతలు గురక మొదలెట్టేవారు). చివరికి అందరూ లొంగారు, ఒక్క మిరపకాయల మామ్మ తప్ప.

ఆమె జీవితమంతా మిరపచేలల్లో కాయ కోసిన మనిషి. "పొద్దున చేలో దిగితే పొద్దుగూకేదాకా గుక్కెడు నీళ్ళు తాగేవోళ్ళం కాదే అమ్మాయ్. తాగితే ఎక్కడికి పోతాం? చుట్టూ మగోళ్ళు, చూస్తే నడుమెత్తు చెట్లు," అనేది. చేలు పోయినా ఆ అలవాటు పోలేదు. నోరెండిపోయి అన్నం మింగుడుపడక, రెండు ముద్దలు కెలికి కంచం తోసేసేది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళిస్తే, "ఇయ్యేం నీళ్ళే, అటు మజ్జిగా కాదు, ఇటు పానకమూ కాదు," అని కిటికీ కింది బంతిమొక్కకు పోసేది. కొన్నాళ్ళకు ఆ మొక్క కాస్తా ఎండిపోయింది. దాంతో మామ్మ వాదనే గెలిచింది.

కానీ మామ్మ కూడా ఎండిపోతోంది. చేతిమీద చర్మం పట్టి లాగితే అలాగే నిలబడిపోయేది. మాట తడబడసాగింది. డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచి, "ఇలాగే ఉంటే మనిషి దక్కదమ్మా," అన్నారు.

అప్పుడు నా తెలివి చూడండి. "నువ్వు తాగేదాకా నేనూ తాగను," అని మామ్మ మంచం ముందు కుర్చీ వేసుకుని బైఠాయించాను. మిరపచేలో ఆరితేరిన మనిషితో ఎండాకాలంలో దాహం పందెం! మధ్యాహ్నానికి కళ్ళు బైర్లు కమ్మి కుర్చీతో సహా కిందపడ్డాను. కళ్ళు తెరిచేసరికి మామ్మ నా పక్కన నేలమీద కూలబడి, ఆ ఉప్పునీళ్ళే నాకు పట్టిస్తోంది.

"తాగి చావవే! మీ అమ్మకి నేనేం చెప్పుకోవాలి?" అని తిడుతూ ఏడుస్తోంది.

"నువ్వూ తాగు మామ్మా," అన్నాను.

ఆమె గొంతు తగ్గించింది. "తాగితే లెగాలి గదే. దొడ్లోకి ఒక్కదాన్నే పోలేను, పడతానని భయం. మాటిమాటికీ పిలిస్తే మీరు ఇసుక్కోరూ? మీరూ ఇసుక్కుంటే ఇంకెవురున్నారే నాకు?"

నేను మొండితనమనుకున్నది మొహమాటం. ఆ మొహమాటంతోనే ఆమె చావడానికి కూడా సిద్ధపడింది. ఆ రోజు నుంచి ఆమె పిలవకముందే వెళ్ళేదాన్ని. ఇద్దరం చెరో గ్లాసు తాగి, కాసేపాగి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని దొడ్లోకి నడిచేవాళ్ళం (ముందెవరు వెళ్ళాలని తలుపు దగ్గర పోట్లాట కూడా). గొంతు తడిశాక అన్నం దిగింది. పండుమిరప పచ్చడి లేదేమని వంటమనిషిని కేకలేసిన రోజున నాకు పండగే.

మామ్మ ఆ ఎండలు దాటింది. వానలు పడి మిరపనారు నాటే రోజుల్లో మాత్రం వెళ్ళిపోయింది. వయసు అయిపోయిందన్నారు డాక్టరుగారు. చివరి రోజు గుటక పడకపోతే తడి దూదితో పెదవులు తుడుస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటాను. మామ్మ పోయిన మర్నాడు కూడా అప్పటి ఆ నర్సుపిల్ల వేళ తప్పకుండా రెండు గ్లాసులు నింపుకుని ఆ గదికి వెళ్ళింది. ఖాళీ మంచం మీద కూర్చుని రెండూ తానే తాగేసి, ఒక్కతే దొడ్డివైపు నడిచింది, పిచ్చిపిల్ల.