ముగ్గుపిండితో గీసిన బాణాలు

మా మేనమామ పోయారని ఫోనొచ్చినప్పుడు నేను వరిమడిలో వంగి దుబ్బుల మొదళ్లు చూస్తున్నాను. చూడమన్నదే ఆయన. మొదళ్లలో చేరి రసం పీల్చే సుడిదోమ పట్టింది, మందు కొట్టెయ్యాలని మా ఆయన ఒకటే పట్టు. "ఇప్పుడే వొద్దు అమ్మీ. సాలీళ్లు ఎక్కువవుతన్నాయి, సూడు," అని ముందురోజే ఫోనులో చెప్పారు మావ. ఆ మాట అన్న మనిషే లేకపోతే, ఆ మాటను ఎంతకాలం నమ్ముకోవాలో తెలియడం లేదు.

గజపతినగరంలో ఉండేవారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా ఇంటికొస్తే కుర్చీలో కూర్చునేవారు కాదు. నా చేతిలో ముగ్గుపిండి లాక్కుని వాకిట్లో పెట్టెలు, బాణాలు గీసేవారు. పెట్టె అంటే మడిలో ఏ పురుగులు ఎన్ని ఉన్నాయో. బాణం అంటే ఎవరు ఎవరి కడుపులోకి పోతున్నారో. నా పదోతరగతి చదువుకు అందేలా కింద లెక్క రాసేవారు: రేపటి దోమలు = ఈరోజు దోమలు + పుట్టినవి − సాలీళ్లు తిన్నవి. మందు కొడితే సాలీళ్ల పెట్టె కూడా ఖాళీ అవుతుందని, ఆ తరువాత పుట్టే దోమకు అడ్డే ఉండదని చూపించారు.

ఓసారి నన్ను గీయమన్నారు. ముగ్గులో గీత తెగి ఉండకూడదు కదా, దోమ నుంచి సాలీడుకు వెళ్లిన బాణాన్ని తిప్పి మళ్లీ దోమకే కలిపేశాను.

"ఒసే, సాలీడుని దోమ తింటాదేటే?" అని పగలబడి నవ్వారు. అంతలోనే ఆగి, "ఉండు, సెరపకు. సాలీడు పెరిగితే దోమ తగ్గుతాది కదా. ఆ బాణం ఉండాల," అంటూ పక్కన మైనస్ గుర్తు పెట్టారు.

బయటినుంచి వచ్చే ఒక బాణానికి మాత్రం వెనక పెట్టె ఉండేది కాదు. "అది దేవుడా మావా?" అని అడిగాను.

"వాన అమ్మీ. దండం పెట్టుకుంటానంటే పెట్టుకో. లెక్కకేటీ అడ్డు రాదు."

ఇంకో మాట కూడా అనేవారు: "లెక్క మంత్రం కాదు. మడి కాదంటే దిద్దుకోవాల."

ఆ మాటే ఇప్పుడు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఏ పనిలో ఉన్నా మనసు గట్టు మీదే. ఆయన ఇంటికి వెళ్లొచ్చాను. చావు జరిగిన ఇంటిముందు ముగ్గు వెయ్యరు. ఆ ఉత్త వాకిలి చూసి నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

తిరిగొచ్చేసరికి మా ఆయన స్ప్రేయరు తెచ్చి గట్టు మీద దించారు. "మీ మావ లెక్క మావతోనే పోయినాది. ఈ పంట పోతే ఏటి తింటాం?" అన్నారు. ఆ భయమూ అబద్ధం కాదు.

"పొద్దున్న మొదళ్లు సూసి సెప్తాను. అంతవరకూ ఆగండి," అన్నాను.

తెల్లారి దుబ్బు తట్టి చూస్తే దోమ ఉంది. సాలీళ్లూ ఉన్నాయి. నిన్నటికన్నా ఎక్కువేనా అంటే చెప్పలేను. ఇంకో దుబ్బు తట్టాను, ఇంకోటి. నడుం పట్టేసి గట్టువైపు తిరిగాను. స్ప్రేయరు పట్టీకీ, పక్కనున్న వరి ఆకుకీ మధ్య మంచుకు తడిసిన సాలెగూడు ఊగుతోంది. నడుమ సాలీడు ఇంకా అల్లుతూనే ఉంది.