చర్చిలో అమ్మకపు పన్ను తగాదా

మొన్న కుక్కరు రబ్బరొకటి ఫోనులో తెప్పించుకున్నాను. అరచేతిలో ఇమిడే ఆ రబ్బరు చెప్పుల డబ్బాంత అట్టపెట్టెలో వచ్చింది, లోపల దానికంటే పెద్ద బిల్లు. ఉద్యోగమంతా అమ్మకపు పన్నుల కార్యాలయంలో గుమాస్తాగా గడిపినదాన్ని కదా, లోకమంతా ముందు వస్తువు చూసుకుంటే నేను ముందు పన్ను చూసుకుంటాను. కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగమని బుద్ధిగా రెండు వరసలున్నాయి. ఆ రెండో వరస చూసి గుమ్మంలోనే నవ్వేశాను. పెట్టె తెచ్చిన మనిషి తప్పు వస్తువేదో ఇచ్చాననుకొని పరేషాన్ అయ్యాడు. ఆ వరస కోసమే ఒకప్పుడు మా బావ నిండు ఆరాధనలో లేచి నిలబడ్డాడని పాపం అతనికెలా తెలుస్తుంది?

బావంటే మా అక్క పెనిమిటి. శంషాబాద్ బజారులో ఆయనకు మిక్సీలు, కుక్కర్లు, ఫ్యాన్లు అమ్మే దుకాణం ఉండేది. విమానాశ్రయం వచ్చి చుట్టూ కాలనీలు లేచాక బేరాలు బాగా పుంజుకున్నాయి. ఆయన అమ్మే తీరే వేరు. మిక్సీ చూపించమంటే చాలు, వేయించిన పల్లీలు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి అక్కడికక్కడే చట్నీ తిప్పి రుచి చూపించేవాడు. మోత వింటే మిక్సీ ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పగలనని ఆయనకు గొప్ప.

అంతలో ఫోనులో కొనుక్కోవడమనే వింత వచ్చిపడింది. కొనవచ్చినవాళ్ళు మిక్సీ తిప్పించుకొని, మోత వినిపించుకొని, ఫోటో తీసుకొని, మెట్లు దిగకముందే అదే మిక్సీ ఫోనులో తెప్పించుకునేవారు. చట్నీ మాత్రం డబ్బాలో కట్టించుకుపోయేవారు. ఆ కోపమంతా తీర్చుకోవడానికి బావకు దొరికిన సర్కారును నేనే.

"నేనమ్మితె పన్ను గడుతున్న మరదలా. గా ఫోనోడు ఎవనికి గడుతున్నడు? మీ సర్కారు నిద్రవోయిందా?" అని ప్రతి ఆదివారం భోజనాల దగ్గర విచారణ మొదలయ్యేది. సరుకు ఏ రాష్ట్రంలోంచి బయలుదేరితే పన్ను ఆ రాష్ట్రానిదేననీ, పెట్టె విప్పుకున్న మన రాష్ట్రానికి ఏమీ రాదనీ, అప్పటి పద్ధతి అదనీ నెమ్మదిగా చెప్పేదాన్ని. "పైసలు ఈడ ఇయ్యవట్టె, మిక్సీ ఈడ తిరగవట్టె, చట్నీ ఈడ తినవట్టె. పన్ను మాత్రం ఆడనా?" అనేవాడు. మా ఆఫీసులో పెద్దలు కూడా టీ తాగుతూ ఇదే సంగతి వాదించుకునేవారు. అక్క జాలిపడి నా కంచంలో ఇంకో మాంసం ముక్క వేసేది.

అట్లాంటి రోజుల్లో ఒక ఆదివారం పాస్టరుగారు, రాజుకు చెల్లవలసిన పన్ను రాజుకు ఎగ్గొట్టకూడదని ప్రసంగం ఎత్తుకున్నారు. బావ ముందు వరసలో కూర్చొని ప్రతి మాటకూ 'ఆమెన్' అంటూ అంటూ, ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, జర ఒక్క మాట. గా రాజు యాడుంటడు? అమ్మినోని ఊర్లనా, కొన్నోని ఊర్లనా?"

చర్చి చర్చంతా తిరిగి నా వైపు చూసింది. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. కళ్ళు మూసుకోవడానికి అంత తొందరపడిన సంఘాన్ని నేను మళ్ళీ చూడలేదు. చీరో, చెప్పులో ఫోనులో తెప్పించుకోని ఇల్లు అక్కడ ఏదీ?

బయటికొచ్చాక కూడా బావ వదల్లేదు. పాస్టరుగారి చొక్కాకున్న కొత్త మైకు మీద ఆయన కన్ను పడింది. అది ఎక్కడ కొన్నారని అడిగితే పాస్టరుగారు ఆకాశం చూశారు. అబద్ధమాడడం చేతకాని పాస్టరమ్మగారు, ఫోనులో తక్కువకొచ్చిందని చెప్పేశారు. బావ బండి తీసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చాలా వారాలు చర్చి గడప తొక్కలేదు. అక్క ఒక్కతే వచ్చి చివరి బల్ల మీద కూర్చొనేది. పాట ఎత్తుకొనే గొంతు బావది కావడంతో, ఆయన లేక పాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో తెలిసేది కాదు. పగలంతా బేరం లేక, ఆదివారం సంఘం లేక బావ చిక్కిపోతున్నాడని అక్క నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పుడే ఒక పెళ్ళిలో సరిగ్గా ప్రమాణాల వేళకు ఆ మైకు మూగబోయింది. కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనడమే తప్ప మనిషి గొంతు వినబడలేదట. పాస్టరుగారు మైకు రుమాలులో చుట్టుకొని బావ దుకాణానికి వచ్చారు. సెలవు రోజు కావడంతో నేనూ అక్కడే ఉన్నాను. గడప ఎక్కినవాళ్ళకు చేసే మర్యాద బావకు ఒక్కటే తెలుసు కనుక, చట్నీ తిప్పి చేతిలో పెట్టాడు. తర్వాత మైకు విప్పి, ఊడిన తీగ అతికించి ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు. "గని నేనడిగిన దానికి జవాబేంది?" అన్నాడు.

"నాకు తెల్వదు బ్రదర్. నాలుగు పైసలు మిగుల్తయని కొన్న. రాజు సంగతి యాదికి రాలె," అన్నారు పాస్టరుగారు, కారానికి ముక్కు తుడుచుకుంటూ.

బావ పగలబడి నవ్వాడు. తరువాతి ఆదివారం పాట ఆయనే ఎత్తుకున్నాడు.

కొంతకాలానికి పన్నుల పద్ధతే మారింది. వస్తువు ఏ రాష్ట్రంలోని ఇంటికి చేరితే ఆ రాష్ట్రానికి వాటా అన్నారు. బావ తానే చట్టం తెచ్చినట్టు బజారంతా మిఠాయి పంచి, దుకాణం ముందు కొత్త దీపాలు వేయించి, రేపో మాపో వెనకటి బేరాలన్నీ తిరిగొస్తాయని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. పాత ఖాతాదారొకాయన దారిలో కనిపించి, "పన్ను కోసం గాదన్నా, ఇంటికొస్తదని," అన్నాడట. ఆ ఒక్క మాట విన్న రోజు బావ అన్నం సరిగ్గా తినలేదు.

చివరికి దుకాణంలో ముందు సగం ఆ ఫోను పార్సిళ్ళవాళ్ళకే కిరాయికిచ్చాడు. ఇప్పుడు పెట్టెలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళను ఆపి, అక్కడే విప్పించి, తీగ తగిలించి, మోత విని, "ఇది బతకదు, వాపసు పంపు" అని తీర్పు చెబుతుంటాడు. వాళ్ళూ వింటారు.

నేను మాత్రం అప్పుడప్పుడు పనేమీ లేకపోయినా ఆ బజారులో నడిచొస్తుంటాను. ఉద్యోగం చేసే రోజుల్లో బస్సు దిగి ఇల్లు చేరేలోపు ప్రతి దుకాణం నుంచీ ఎవరో ఒకరు, ఏందక్కా ఇయ్యాల ఇంత ఆలస్యమైందని అడిగేవాళ్ళు. అందరికీ జవాబు చెప్పలేక విసుగొచ్చి, వెనక సందులోంచి తప్పించుకుపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆ దుకాణాలు ఒక్కొక్కటే మూతబడుతూ వచ్చాయి. ఇప్పుడు ఎంత ఆలస్యంగా పోయినా, నడిబజారులోంచే పోయినా, అడిగేవాళ్ళు లేరు.