థిన్నర్ డబ్బా మూత

మా మరిది మంగళవారం పొద్దున జహీరాబాద్ దవాఖానలో పోయాడు. నారాయణఖేడ్ చుట్టుపక్కల ట్రాక్టర్ ట్రాలీలకు, ఆటోలకు రంగులు వేసేవాడు. కల్హేర్ సంతకు పోయే దారిలో మీకు పసుపుపచ్చ ట్రాలీ ఎదురైతే, అది అతని చేతిదే కావచ్చు.

మా ఇంటికీ వాళ్లింటికీ నడుమే అతని షెడ్డు. పని అయ్యాక స్ప్రే గన్ను కడగడానికి అందులో నిండా థిన్నర్ పోసి, రంగు వదిలేదాకా గాలిలోకి కొట్టేవాడు. ఆ ఘాటు ఇంట్లోకి వచ్చేది. అతని భార్యకు, అంటే మా తోడికోడలికి, ఊపిరాడని దమ్ము పట్టుకుంది. వాసన తగ్గకపోతే ఆమె బతకడం కష్టమన్నాడు డాక్టరు. మరిదికి వేరే పని రాదు, షెడ్డు మార్చడానికి వేరే జాగా లేదు.

ఆ ఎండాకాలం మామిడికాయ తొక్కు కలిపిన రోజు అతను మా గడపలో కూర్చున్నాడు. బేసిన్‌కు అంటిన నూనె, కారంలో వేడి అన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టాను. బేసిన్ తుడిచినట్టయ్యేదాకా దానికి నీళ్లు తగలనివ్వను.

“అన్నమే కడిగింది గద వదినా! ఇగ నీళ్లకేం పని?” అన్నాడు, ముద్ద చేతిలోనే పట్టుకుని.

“ముచ్చట చాలు గని, తిను.”

ఆ సాయంత్రం నుంచే అతని పద్ధతి మారింది. గన్నులో మిగిలిన రంగును డబ్బాలోకి వంపి, పుల్లతో గీకి, పాతగుడ్డతో తుడిచేవాడు. ఆ తర్వాతే, ఒకసారి వాడి తేర్చిన థిన్నర్ కొంచెం పోసి బ్రష్షుతో రుద్దేవాడు. చివరికి గుక్కెడు కొత్తది. గాలిలోకి కొట్టడం పూర్తిగా మానేశాడు. వాడినది మూత డబ్బాలో పోసి ఉంచితే రంగు అడుగుకు దిగి, పైది మళ్లీ పనికొచ్చేది.

గన్ను మాటిమాటికీ కడగకుండా లేత రంగులు ముందు వేసి, ముదురువి తర్వాత వేసేవాడు. ఒకసారి కల్హేర్ రైతు తగువుకు దిగాడు.

“నా నల్లది ముందుగాల కొట్టు, జల్దీ పోవాలె.”

“పసుపుది కాకముందే నల్లది కొడితే, గన్నుకు తానం నువ్వు పోస్తవా?”

“గన్నుకు గూడ మడి గట్టినవేందిరా!” అని రైతు నవ్వుతూ కూలబడ్డాడు.

రోజూ దీపాల వేళ మా తోడికోడలు మూసిన కిటికీ వెనక నుంచి అడిగేది: “మూత పెట్టినవా?”

“పెట్టిన.”

ఆ మాట విన్నాకే కిటికీ తెరిచేది. మెల్లగా ఆమె దమ్ము తగ్గింది. అతని దగ్గు మాత్రం తగ్గలేదు. ముందటి ఏళ్ల ఘాటే రొమ్ములో ఉండిపోయిందేమో. డాక్టరు అట్లా చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఇప్పుడు షెడ్డులో పని లేదు, కిటికీ తెరుచుకోదు. “అక్కా, వాసనొస్తుంది,” అంటుంది ఆమె. భ్రమ అని కసిరాను. మర్నాడు దీపాల వేళ నాకూ వచ్చింది.

నిన్న దీపాల వేళ వాకిలి ఊడుస్తుంటే కిటికీ వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

“మూత పెట్టినవా?”

చీపురు కింద పెట్టి షెడ్డులోకి వెళ్లాను. మూత బిగుతుగానే ఉంది. అయినా అరచేత్తో మరోసారి నొక్కాను.

“పెట్టిన,” అన్నాను.

చాలాసేపటికి కిటికీ రెక్క కిర్రుమంది.