అన్నంలో గుచ్చిన చెంచా

శ్రావణి పుట్టినరోజని మేముండే సన్నీబ్యాంక్ నుంచి సిడ్నీ వెళ్ళాం. ఒక్కో వంటకాన్నీ నగలపెట్టె తెరిచినట్టు తెచ్చి పెట్టే కొరియన్ రెస్టారెంట్ అది. మామగారు పోయాక మా ఆవిడకి ఇది మొదటి పుట్టినరోజు. ఊరెళ్ళే విమానం ఆలస్యమై ఆఖరిచూపు దక్కలేదు. అప్పట్నుంచీ ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. తనని నవ్వించే ఉద్యోగం నాది.

చివర్లో గిన్నెడు అన్నం వచ్చింది. కేకు లేదు కదా అని చెంచాను అందులో నిలువుగా గుచ్చాను.

"కొవ్వొత్తి. ఊదు."

"ఇక్కడ కూడా మొదలెట్టావా?" అంది శ్రావణి.

వడ్డిస్తున్న కొరియన్ ఆంటీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "మాలో అలా పెట్టేది చనిపోయినవాళ్ళకి," అంది ఇంగ్లీషులో, మెల్లగా. "ఎవరికి పెట్టారు?"

నేను సారీ చెప్పేలోపే శ్రావణి, "మా నాన్నకి," అంది.

ఆంటీ గిన్నెను ఖాళీ కుర్చీ ముందుకి జరిపింది. "వాళ్ళు తింటుంటే మనం చూడకూడదు. అటు తిరగండి."

హోంవర్కు చెయ్యని పిల్లల్లా ముగ్గురం గోడవైపు తిరిగాం. కాసేపటికి వెనక ఏదో టక్కుమంది.

చూస్తే, అంత జిగురన్నంలోంచీ చెంచా బయటికొచ్చి, ఆ కుర్చీకి ఎడమచేతి పక్కన బల్ల మీద పడి ఉంది.

"నాన్నది ఎడమచేతి వాటం," అంది శ్రావణి. అని, ఇన్నాళ్ళకి ఏడ్చింది.

"ఏసీ గాలికి పడుంటుందిలే," అన్నాను.

ఆ గదిలో ఏసీ ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు. వెతకలేదు.